ఆమెకి మాత్రం వద్దు

పోయిన వారం కున్సులుని ఛైర్మన్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు ఒక్కసారి అంతా గుర్తు చేసుకుందాం.

కజకిస్తాన్‌లోని ఓస్కెమెన్ ఊరికి తర్లాన్ ఫుట్‌బాల్ క్లబ్బంటే ప్రాణం. ఆ ప్రాణం మీదకే వచ్చింది ఈ ఆగస్టులో. ఎన్నో ఏళ్ళ తర్వాత యూరప్ కప్పు అర్హత పోటీల్లోకి వెళ్ళిన మగవాళ్ళ జట్టు, సముద్రం మధ్యలో ఎక్కడో ఉన్న చిన్న దీవుల జట్టు చేతిలో, వడ్రంగులూ బడిపంతుళ్ళూ సాయంత్రాలు కలిసి ఆడుకునే జట్టు చేతిలో, సొంత ఊళ్ళో మూడు గోల్స్, అక్కడికెళ్ళి నాలుగు గోల్స్ తిని తిరిగొచ్చింది. ఆ జట్టు కోచ్ సబీత్. అదే నెలలో అదే క్లబ్బు ఆడవాళ్ళ జట్టు స్లొవేనియా వెళ్ళి, ఆడిన రెండు మ్యాచ్‌లూ గెలిచి, యూరప్‌లో తర్వాతి రౌండుకి చేరింది. ఆ జట్టు కోచ్ కున్సులు. సబీత్ భార్య.

సబీత్‌ని ఉంచాలా, పంపించాలా అన్నది గురువారం సాయంత్రం పాలకమండలి తేల్చాలి. ముగ్గురు ఉంచాలంటున్నారు, ముగ్గురు పంపాలంటున్నారు. ఏడో ఓటు ఛైర్మన్ కైరొల్లాది. ఆయన ఎటూ తేల్చుకోలేక గురువారం పొద్దున్నే కున్సులుకి కబురు పెట్టాడు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది కున్సులు.

కైరొల్లా మనిషి భారీగా ఉంటాడు. ఊళ్ళో చిన్నవాళ్ళంతా ఆయన్ని గౌరవంగా 'అగా' అంటారు. లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర కూలీగా చేరి, ఆ ఫ్యాక్టరీనే నడిపి రిటైరైనవాడు. ఆమెని చూడగానే లేచి, తనే పాల టీ పోసి, అక్కడి మర్యాద ప్రకారం సగం కప్పు మాత్రమే నింపి అందించాడు. నూనెలో వేయించిన రొట్టెముక్కల పళ్ళెం ముందుకి జరిపాడు.

"కూర్చో తల్లీ. నిన్ను భార్యగా పిలవలేదు, కోచ్‌గా పిలిచాను."

"భార్యని బయట తగిలించి రావడానికి అదేమన్నా కోటు అనుకున్నారా, అగా?"

ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నాకు ఫుట్‌బాల్ సగమే తెలుసు. ఇనుము కరగబెట్టమంటే చేస్తాను. మనిషిని తీసెయ్యమంటే చెయ్యి రావట్లేదు. నువ్వు ఆట తెలిసినదానివి. ఆయన్ని దగ్గర్నుంచి చూసినదానివి. ఒక్క ముక్క చెప్పు. ఉంచనా, పంపనా?"

"ఉంచండి" అంది కున్సులు.

ఆలోచించకుండా అంది. ఆలోచిస్తే ఇంకో మాట వస్తుందేమోనని భయపడి అంది.

"ఎందుకు?"

"లీగ్‌లో మనం మూడో స్థానంలో ఉన్నాం. సీజన్ నవంబరుకి గానీ అవదు. మధ్యలో కోచ్‌ని మారిస్తే కొత్తవాడికి మన కుర్రాళ్ళ పేర్లు తెలిసేలోపు మంచు పడుతుంది. నవంబరు దాకా ఆగండి. అప్పుడు కూడా మీకు కోపం ఉంటే అప్పుడు పంపండి."

"ఆ దీవుల్లో వెనక ఐదుగురిని నిలబెట్టి ఆడించాడు. పంతుళ్ళకి భయపడి! అది తప్పు కాదా?"

"తప్పే. నేనైతే అలా ఆడించను. కానీ ఒక్క తప్పుకి మనిషిని పంపేస్తే రేపు నన్నూ పంపేస్తారు."

 కైరొల్లా గడ్డం నిమురుకుంటూ, మెచ్చుకోలుగా, ఆ మాట అనేశాడు.

"మంచి మనసు తల్లీ నీది. స్టేడియం విషయంలో ఆయన నీకంత చేసినా, ఇవాళ ఆయన పక్షానే మాట్లాడుతున్నావు."

కున్సులు కప్పు కింద పెట్టింది. "స్టేడియం విషయమేంటి?"

"అదేనమ్మా, మీరు స్లొవేనియా వెళ్ళి ఆడొచ్చిన నాలుగు జట్ల పోటీ. మనం మన ఊళ్ళో పెట్టుకునే అవకాశం వచ్చింది కదా."

"లైట్లు సరిపోవని యూరప్ వాళ్ళు ఒప్పుకోలేదుగా."

"లైట్లా? లైట్లు పోయినేడు మార్చాం. పట్టపగల్లా ఉంటాయి." అంటూనే ఆయనకి అర్థమైపోయింది. చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. "నీకు చెప్పలేదా?"

"మీరు చెప్పండి."

"నేను చెప్పకూడదేమో."

"అగా. చెప్పండి."

చెప్పాడు. వసంతంలో పాలకమండలి అందరూ కలిసి, ఆడవాళ్ళ పోటీ ఇక్కడే పెడదాం, ఊరంతా చూస్తుంది అనుకున్నారట. ఆ సమావేశానికి సబీత్ వచ్చాడట. రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడితే గడ్డి లేచిపోతుంది, మా యూరప్ మ్యాచ్ ముందు గడ్డి పాడైతే నా బాధ్యత కాదు, మీరు ఆడవాళ్ళకి స్టేడియం ఇస్తే నేను రాజీనామా ఇస్తాను అన్నాడట. పోటీ స్లొవేనియాకి పోయింది.

కున్సులుకి ఆ రాత్రి గుర్తొచ్చింది. ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడుస్తుంటే సబీత్ వెనకనుంచి వచ్చి భుజాలు పట్టుకున్నాడు. "లైట్లే కదా కున్సులూ. వచ్చే ఏడాది వేయిస్తారులే" అని జుట్టు నిమిరాడు. ఆ చేతిలో ఎంత ఓదార్పు ఉందో ఆమెకి ఇప్పటికీ గుర్తే. అంత ఓదార్పు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడు?

"ఇప్పుడు కూడా అదే మాటంటావా?" అన్నాడు కైరొల్లా నెమ్మదిగా.

"అదే మాట" అంది కున్సులు. నోరు అంది. మిగతా మనిషి అనలేదు.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు జైనెప్ పిండి వత్తుతోంది. ఆవిరి మీద ఉడికించడానికి మాంసం పొట్లాలు చుడుతూ, కోడలు రావడం చూసి కూడా తల ఎత్తలేదు.

"ఏమన్నాడా ఛైర్మను?"

"ఉంచుతారనుకుంటా, అత్తయ్యా."

"ఉంచక ఏం చేస్తాడు! నా కొడుకు లేకపోతే ఈ క్లబ్బుని కుక్కయినా చూసేదా?" పిండి మీద గట్టిగా ఒక గుద్దు గుద్దింది. "ఇవాళ బజార్లో తొస్జాన్ కనిపించింది. ఆ పాలకొట్టు తొస్జాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరు నన్ను సబీత్ వాళ్ళమ్మ అని పిలిచింది. ఇవాళ అది నన్నేమని పిలిచిందో తెలుసా? 'కున్సులు అత్తగారూ' అంది. నలుగురిలో! జున్ను కొననని చెప్పి వచ్చేశాను."

వేరే రోజైతే కున్సులు నవ్వేది. "దానికి నేనేం చేశాను అత్తయ్యా?"

"నువ్వేం చేశావో నీకు తెలుసు." జైనెప్ చేతులు తుడుచుకుని, ఇప్పుడు తల ఎత్తింది. "దీవుల్లో మ్యాచ్ రోజున ఇద్దరం ఆ గదిలోనే కూర్చున్నాం. నాలుగో గోల్ పడ్డప్పుడు నేను టీవీ చూడలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. నిన్ను చూశాను. నువ్వు నవ్వావు."

గిన్నెలోంచి ఆవిరి బుసబుసమంటోంది.

"వాడితో చెప్పాను కూడా. నీ పెళ్ళాం నవ్విందిరా అని చెప్పాను. తల్లిని. చెప్పకుండా ఎలా ఉంటాను?"

 నవ్విన సంగతి నిజమే. పెద్ద నవ్వు కాదు, పెదవి చివర ఒక్క క్షణం కదిలిన నవ్వు. ఆ క్షణం వెనక ఎన్నేళ్ళున్నాయో అత్తగారికెలా తెలుస్తుంది?

ఇద్దరూ ఒకే క్రీడా పాఠశాలలో పెరిగారు. కోచ్ లైసెన్సు ఒకే ఏడాది తెచ్చుకున్నారు. పరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు. అతనికి స్టేడియం వచ్చింది, బస్సు వచ్చింది, ఊరు వచ్చింది. ఆమెకి ఊరికి వేడినీళ్ళు పంపే ప్లాంటు వెనక ప్లాస్టిక్ గడ్డి మైదానం వచ్చింది, పొగ గొట్టం వాసనతో సహా. సొంత ఊళ్ళో సబీత్ జట్టు మూడు గోల్స్ తిన్నరోజున కున్సులు కూడా స్టేడియంలోనే ఉంది. ఎనిమిది వేలమంది లేచి నిలబడి గొంతులు చించుకుని సబీత్‌ని తిట్టారు. ఆమె జట్టు గెలిచినా చప్పట్లు కొట్టడానికి రెండొందల మంది వస్తారు, అందులో సగం ఆటగత్తెల తల్లులే. ఆ రోజు ఆ కేకల మధ్య కూర్చుని కున్సులు అనుకున్నదేమిటో ఎవరికీ చెప్పలేదు. నన్ను తిట్టడానికైనా ఇంతమంది రారు కదా అనుకుంది. మొగుడికి పడ్డ తిట్లని చూసి కూడా కుళ్ళుకుంది.

ఇప్పుడు తెలిసింది. ఆ ఎనిమిది వేలమంది ఒక్కరోజు తన కోసం వచ్చేవాళ్ళు. రానివ్వకుండా గేటు వేసిందెవరో కూడా తెలిసింది.

"భోజనం చేసి వెళ్ళు" అంటోంది జైనెప్ వెనకనుంచి. కున్సులు అప్పటికే మెట్లు దిగుతోంది.

*

స్టేడియంలో ప్రాక్టీసు అయిపోయింది. కుర్రాళ్ళు బూట్లు విప్పుకుంటూ గట్టు మీద కూర్చున్నారు. మైదానంలో అక్కడక్కడ నీళ్ళు చిమ్ముతున్నాయి. సబీత్ ఒక్కడే మధ్యలో నిలబడి ఏదో లెక్క వేసుకుంటున్నట్టు గోల్ వైపు చూస్తున్నాడు. నెల రోజుల్లో మనిషి చిక్కిపోయాడు. ట్రాక్ సూటు వదులైంది.

కున్సులు ఛైర్మన్ దగ్గరికని వేసుకున్న హీల్స్‌తోనే తిన్నగా గడ్డి మీదకి నడిచింది.

"ఏయ్, ఆ హీల్స్‌తో వస్తున్నావేంటి! గడ్డి!" అని అరిచాడు సబీత్.

ఆమె ఆగింది. రెండు మడమల మీదా బరువంతా వేసి నిలబడింది. హీల్స్ తడి నేలలోకి దిగాయి.

"ఎంత ప్రేమ సబీత్ నీకు, ఈ గడ్డంటే."

అతను దగ్గరికి వచ్చాడు. ఆమె మొహం చూడగానే గొంతు తగ్గించాడు. "ఏమైంది?"

"లైట్లు సరిపోలేదన్నావు."

"ఎవరు చెప్పారు నీకు?"

"చూశావా. 'ఏ లైట్లు' అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగావు."

గట్టు మీద కుర్రాళ్ళ మాటలు ఆగిపోయాయి. కెప్టెన్ యెల్దోస్ ఒక బూటు చేతిలో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. సబీత్ అది గమనించి, ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళబోయాడు. ఆమె కదల్లేదు.

"ఇక్కడే మాట్లాడదాం. నా జట్టు పిల్లలు ఆడాల్సింది ఇక్కడే కదా."

"కున్సులూ, గడ్డి నిజంగానే…"

"వారంలో మళ్ళీ లేస్తుంది గడ్డి. నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ నీళ్ళు పట్టే ముసలాయనకీ తెలుసు."

సబీత్ ఆకాశం వైపు చూశాడు, ఫ్యాక్టరీ పొగ వైపు చూశాడు, ఎటూ దారి దొరకనట్టు చివరికి ఆమె వైపే చూశాడు.

"సరే. ఏడ్చాను. నిన్ను చూసి ఏడ్చాను. వినాలనేగా వచ్చావు? విను. ఈ ఊరికి యూరప్ అనే మాట తెచ్చింది నేను. అర్ధరాత్రి లేచి కూర్చుని, జుట్టు తెల్లబడేదాకా పని చేసి తెచ్చాను. నాకంటే ముందు నువ్వు ఈ గడ్డి మీద గెలిస్తే? స్టేడియం నిండితే? వారం తర్వాత నేనొచ్చి ఓడిపోతే? ఆ మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు."

"స్టేడియం నిండితే చూడాలని నాకెంత ఉందో నీకు తెలుసు. ఒక్కసారి. జీవితంలో ఒక్కసారి."

"తెలుసు" అన్నాడు సబీత్. "అందుకే."

ఆ ఒక్క మాట కున్సులు గుండెలో ఎక్కడో దిగింది. తెలియక చేస్తే కోపం వచ్చేది. తెలిసి చేశాడు. ఆమెకి ఏది కావాలో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడు, సరిగ్గా దాన్నే ఎంచుకుని తీసేశాడు.

"నువ్వు గెలిచిన రోజు మా బస్సులో కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టారు" అన్నాడు మళ్ళీ.  "నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను. చేతులు మండాయి. ఇక్కడ మేం ఆడిన మ్యాచ్‌లో గుడ్డ మీద ఏం రాసి పట్టుకున్నారో చూశావుగా? 'సబీత్, ఇంటికెళ్ళి మీ ఆవిడని పంపించు.' నువ్వు అది చూసి తల దించుకున్నావు. ఎందుకు దించుకున్నావో నాకు తెలుసు. నవ్వు కనపడకుండా."

"అది అబద్ధం."

"నాలుగో గోల్‌కి నవ్వింది కూడా అబద్ధమా? అమ్మ చెప్పింది. కాదను. కాదంటే నమ్ముతాను, ఒట్టు."

నీళ్ళు చిమ్మే గొట్టం తిరిగి తిరిగి వాళ్ళ దాకా వచ్చి, కాళ్ళ మీద చల్లి వెళ్ళింది. ఇద్దరూ జరగలేదు.

"నవ్వాను" అంది కున్సులు.

"ఎందుకు?"

"ఇకనుంచి నువ్వు కూడా ఖాళీ చేతుల్తో ఇంటికొస్తావని. నాలాగా. ఒక్కసారైనా ఇద్దరం ఒకేలా భోజనానికి కూర్చుంటామని."

 పెళ్ళయిన పదహారేళ్ళలో వాళ్ళిద్దరూ అంత నిజం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అక్కడ ఆగిపోతే బాగుండేది. ఎవరో ఒకరు చెయ్యి చాపితే సరిపోయేది. కానీ కున్సులు, తన మంచితనం కూడా లెక్కలో వెయ్యాలనుకుంది.

"అయినా పొద్దున్న కైరొల్లా అగా అడిగితే నిన్ను ఉంచమనే చెప్పాను. లైట్ల సంగతి తెలిశాక కూడా మాట మార్చలేదు."

మెత్తబడిన సబీత్ మొహం మళ్ళీ బిగుసుకుంది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఆయన అడిగారు."

"నేనడిగానా? అంటే ఇవాళ నా ఉద్యోగం నిలబడితే అది నీ దయా? ఊరంతా నీ పేరు చెప్పుకుంటోంది, అది చాల్లేదా? ఇక నా కుర్చీ కూడా నువ్వు పెట్టిన భిక్షేనా?"

"సబీత్…"

"తీసెయ్యమని చెప్పి ఉంటే బాగుండేది కున్సులూ. నీకు కడుపుమంట అనుకుని హాయిగా పడుకునేవాణ్ణి. ఇది మాత్రం నేను మింగలేను."

విసురుగా వెనక్కి తిరిగి గట్టు వైపు వెళ్ళిపోయాడు. అతనికి దారి ఇస్తూ యెల్దోస్ కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత కున్సులు వైపు చూసి, ఎందుకో, చిన్నగా తల ఊపాడు.

*

సాయంత్రం పాలకమండలి గదిలో కిటికీలన్నీ తెరిచినా ఉక్కగానే ఉంది. పొడవాటి బల్లకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మధ్యలో కైరొల్లా. సబీత్ తలుపుకి దగ్గరగా కూర్చున్నాడు. కున్సులుని కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అంత గదిలో వాళ్ళిద్దరి కుర్చీలే ఒకదానికొకటి దూరం.

కైరొల్లా గొంతు సవరించుకున్నాడు. "నాకు సలహా కావాల్సొచ్చి, ఆట తెలిసిన మనిషిని అడిగాను. కున్సులు ఉంచమంది. కారణాలు కూడా బాగున్నాయి. నా ఓటు ఉంచడానికే."

పంపాలన్న ముగ్గురిలో ఒకాయన పెదవి విరిచాడు. "మొగుణ్ణి తీసెయ్యమని పెళ్ళాం చెప్తుందా ఎక్కడైనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సబీత్ లేచి నిలబడ్డాడు.

"ఆయన అన్నది నిజం. ఆమె మాట మీద నిలిచే ఉద్యోగమైతే నాకొద్దు. నేనే తప్పుకుంటున్నాను. కాగితం రేపు ఇస్తాను, మాట ఇప్పుడే ఇస్తున్నాను."

"కూర్చో సబీత్" అన్నాడు కైరొల్లా. "పిల్లాడిలా చెయ్యకు."

"ఆ దీవుల్లో ఓడింది నేను. తప్పు నాది. ఎవరూ నన్ను కాపాడక్కర్లేదు."

ఆ మాట అన్నప్పుడు అతను ఎంత నిటారుగా నిలబడ్డాడంటే, కున్సులుకి క్రీడా పాఠశాల రోజులు గుర్తొచ్చాయి. లేచి అతని పక్కకి వెళ్ళాలనిపించింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, లేవబోయింది కూడా.

అప్పుడే బల్లకి అటు చివర్నుంచి ఒక ముసలి సభ్యుడు అడిగాడు. "బాగానే ఉంది. ఆదివారం లీగ్ మ్యాచ్ ఉంది. మూడు రోజుల్లో జట్టుని ఎవరు చూస్తారు?"

ఎవరూ పేరు చెప్పలేదు. కానీ ఒకరి తర్వాత ఒకరు, అందరూ కిటికీ వైపు తిరిగారు. "లైసెన్సుందిగా అమ్మాయికి" అన్నాడు పెదవి విరిచినాయనే, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు.

సబీత్ ఆ చూపులన్నీ చూశాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. అప్పటిదాకా నిటారుగా ఉన్న మనిషి బల్ల మీదకి వంగాడు.

"ఎవరికైనా ఇవ్వండి" అన్నాడు. "గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడికి ఇవ్వండి. నీళ్ళు పట్టే ముసలాయనకి ఇవ్వండి. ఆమెకి మాత్రం వద్దు."

 కైరొల్లా కళ్ళు మూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణం దాకా కున్సులుకి ఆ ఉద్యోగం తీసుకునే ఆలోచన లేదు. వద్దని చెప్పడానికి మాటలు కూడా పేర్చుకుంటోంది. ఆడపిల్లల మ్యాచ్ అక్టోబరులో ఉంది. ఇంట్లో మనిషి కూలిపోయి ఉన్నాడు. ఇవన్నీ ఆమెకి తెలుసు. కానీ 'ఆమెకి మాత్రం' అన్న ఆ రెండు మాటలు, వసంతంలో ఇదే గదిలో, ఇదే బల్ల ముందు, తను లేనప్పుడు కూడా ఇదే గొంతుతో అని ఉంటాడు. ఈసారి తనుంది.

"నేను చూస్తాను" అంది.

సబీత్ ఆమెని ఒక్క చూపు చూశాడు. అందులో కోపం లేదు. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నది వచ్చేసినట్టుంది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. మెల్లగా మూశాడు.

*

అరగంట తర్వాత కున్సులు డ్రెస్సింగ్ రూమ్ మెట్లు దిగుతోంది. పైన కైరొల్లా విలేకరులకి ఫోన్లు చేస్తున్నాడు.  ఎనిమిది వేలమంది. ఆదివారం. గెలిచినా ఓడినా అంతమందీ తననే చూస్తారు. ఆ ఆలోచన తియ్యగా ఉంది. ఆ తీపికి సిగ్గుగా కూడా ఉంది.

తలుపు తెరిచింది. జట్టంతా బెంచీల మీద కూర్చుని ఉంది. కబురు ఆమెకంటే ముందే దిగింది. ఆమెని చూసి అందరూ లేచారు. కెప్టెన్ యెల్దోస్ ముందుకొచ్చాడు. ఎత్తుగా, ఎడమ కనుబొమ్మ మీద కుట్ల మచ్చతో, ఏ కుటుంబంలోనైనా పెద్దకొడుకులా కనిపించే మనిషి.

"శుభాకాంక్షలు కోచ్ గారూ. మా అందరి తరపునా."

"కూర్చోండి. ముందు ఆ దీవుల మ్యాచ్ గురించి మాట్లాడుకుందాం. వెనక ఐదుగురు ఎందుకు అంత చెల్లాచెదురయ్యారో నాకు అర్థం కాలేదు. సబీత్ ఏం చెప్పాడు మీకు?"

యెల్దోస్ వెనక్కి తిరిగి మిగతావాళ్ళని చూశాడు. ఇద్దరు ముగ్గురు నేల చూపులు చూస్తున్నారు. ఒకడు నవ్వుతున్నాడు.

"ఆయన సరిగ్గానే చెప్పారు" అన్నాడు యెల్దోస్. "వెనక ఐదుగురూ కలిసి జరగండి, వాళ్ళు అలిసిపోయాక కొడదాం అన్నారు. బానే ఉంది ఎత్తు. మేమే జరగలేదు."

"జరగలేకపోయారా?"

"జరగలేదు." ఒక్కో అక్షరం నొక్కి పలికాడు. "జూలైలో మా వాదిమ్‌ని తాగాడని జట్టులోంచి పంపేశారుగా ఆయన. ఎనిమిదేళ్ళు మాతో ఆడిన మనిషిని. ఆ రోజే నలుగురం అనుకున్నాం, ఈయన ఉండకూడదని. ఇక్కడ మూడు, అక్కడ నాలుగు. ఇక ఉండరనుకున్నాం. ఇందాక మైదానంలో మీ మాటలు విని, మీ వల్ల ఆయన్ని ఉంచేస్తారని తెలిసి భయపడ్డాం కూడా." ఇప్పుడతని మొహం వెలిగింది. "మీరొచ్చారు. ఆదివారం చూడండి ఎలా ఆడతామో. మీ కోసం గోడలకైనా తల కొట్టుకుంటాం."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. సిమెంటు గోడల మధ్య ఆ చప్పుడు చెవులు పగిలేలా ఉంది.

కున్సులు చెయ్యెత్తి ఆపలేకపోయింది. అంటే ఆ తప్పు అతనిది కాదు. ఊరంతా తిట్టింది అతను చెయ్యని తప్పుకి. అరగంట క్రితం అందరి ముందూ నిటారుగా నిలబడి తన మీద వేసుకున్న ఓటమి అతనిది కానే కాదు. ఈ మాట పైన బల్ల ముందు చెప్తే చాలు, సబీత్ తిరిగి వస్తాడు. ఎవరి దయా అక్కర్లేకుండా వస్తాడు. ఈ గదిలోని ఆటగాళ్ళు కాక ఆ మాట తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది, తను.

వెనక తలుపు తెరుచుకుంది. కైరొల్లా రొప్పుతూ వచ్చాడు. పక్కనే కెమెరా పట్టుకున్న విలేకరి.

"చప్పట్లు మెట్ల మీదకే వినపడుతున్నాయి!" అన్నాడు కైరొల్లా, పొద్దుట్నుంచి మొదటిసారి మొహం విప్పి. "ఏమంటున్నారమ్మా మనవాళ్ళు?"

యెల్దోస్ ఆమెనే చూస్తున్నాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. విలేకరి కెమెరా ఎత్తాడు.

కున్సులు నవ్వింది. ఈసారి దాచుకోలేదు.

"ఏం లేదు అగా" అంది. "ఆదివారం గెలుస్తామంటున్నారు."